జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్

ఈ వ్యాసం విద్యుత్ ఇంజనీరు జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ గురించినది. పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ వేరొకరు.

సర్ జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ (1849 నవంబరు 29 - 1945 ఏప్రిల్ 18) ఇంగ్లాండుకు చెందిన ప్రముఖ విద్యుత్ ఇంజనీరు, భౌతిక శాస్త్రవేత్త, ఆచార్యుడు. 1904లో రెండు ఎలక్ట్రోడ్లు గల శూన్యనాళికను, అనగా తొలి డయోడును, నిర్మించినవాడుగా శాస్త్ర చరిత్రలో స్థిరమైన స్థానం పొందాడు. పాఠశాల విద్యార్థులకు ఆయన ఎడమచేతి, కుడిచేతి నిబంధనల ద్వారా సుపరిచితుడు.

ఎలక్ట్రానిక్ వలయాలు పనిచేయాలంటే సాధారణంగా వాటికి స్థిరమైన వోల్టేజి గల ఏకముఖ విద్యుత్తు కావాలి. ఇళ్ళకు తీగల ద్వారా వచ్చేది మాత్రం సెకనుకు అనేక మార్లు దిశ మార్చుకునే ఏకాంతర విద్యుత్తు. ఒకదానిని మరొకదానిగా మార్చి, కొలిచి, వలయానికి అందించే సరఫరా సాధనాల చరిత్రలో దాదాపు ప్రతి మెట్టు మీదా ఫ్లెమింగ్ కృషి కనిపిస్తుంది. విద్యుత్ ఘటం, ప్రమాణ నిరోధం, పొటెన్షియోమీటరు, ట్రాన్స్‌ఫార్మర్, చివరకు డయోడు - ఇవన్నీ ఆయన పరిశోధించిన విషయాలే. అయితే డయోడును ఆయన విద్యుత్ సరఫరా కోసం నిర్మించలేదు. నిస్తంత్రీ సంకేతాలను గుర్తించడానికి నిర్మించాడు. ఆ పనిలో దాని స్థానాన్ని కొద్ది సంవత్సరాలలోనే ఇతర సాధనాలు ఆక్రమించాయి. సరఫరా సాధనాలలో మాత్రం దాని సూత్రం నేటికీ నిలిచి ఉంది.

బాల్యం, విద్యాభ్యాసం

ఫ్లెమింగ్ ఇంగ్లాండులోని లాంకషైర్ ప్రాంతానికి చెందిన లాంకాస్టర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి జేమ్స్ ఫ్లెమింగ్ క్రైస్తవ మతబోధకుడు. తల్లి మేరీ ఆన్, పోర్ట్‌లాండ్ సిమెంటు తయారీలో ఆద్యులలో ఒకడైన జాన్ బేజ్లీ వైట్ కుమార్తె. ఏడుగురు సంతానంలో ఫ్లెమింగ్ పెద్దవాడు. ఆయన చిన్నతనంలోనే కుటుంబం లండను నగరానికి తరలివచ్చింది. పదకొండేళ్ళ వయసుకే ఆయనకు సొంత పనిముట్ల గది ఉండేది. అందులో చిన్న ఓడల నమూనాలు, యంత్రాల నమూనాలు తయారుచేసేవాడు. కెమెరాను కూడా స్వయంగా నిర్మించుకున్నాడు.

లండను యూనివర్సిటీ కాలేజీలో చేరి గణితాన్ని అగస్టస్ డి మోర్గాన్ వద్ద, భౌతిక శాస్త్రాన్ని జార్జి కేరీ ఫాస్టర్ వద్ద అభ్యసించాడు. కుటుంబ ఆర్థిక స్థితి అంతంతమాత్రం కావడంతో మధ్యలో ఉద్యోగం చేయవలసి వచ్చింది. పగలు స్టాక్ ఎక్స్ఛేంజిలో గుమాస్తాగా పనిచేస్తూ, సాయంత్రాలు చదువుకుని 1870లో బి.ఎస్‌సి. పట్టా పొందాడు. చదువు, సంపాదన ఒకదాని వెంట ఒకటిగా నడిచే ఈ పద్ధతి ఆయన జీవితంలో మరికొన్నేళ్ళు కొనసాగింది. కొంతకాలం పాఠశాలలో బోధించడం, కూడబెట్టిన డబ్బుతో మళ్ళీ చదువుకు వెళ్ళడం ఆయనకు అలవాటైంది.

1872లో సౌత్ కెన్సింగ్టన్‌లో రసాయన శాస్త్రం చదువుతున్నపుడు వోల్టా ఘటం ఆయన దృష్టిని ఆకర్షించింది. రెండు లోహాలు, ఒక ద్రావణం కలిస్తే విద్యుత్తు ఎందుకు పుడుతుందన్నది అప్పటికి తేలని ప్రశ్న. లోహాలు తాకుకున్న చోటే విద్యుచ్ఛాలక బలం పుడుతుందని ఒక పక్షం, ద్రావణంలో జరిగే రసాయన చర్యే దానికి మూలమని మరొక పక్షం వాదించుకునేవి. 1874లో లండన్ ఫిజికల్ సొసైటీ ఏర్పడినపుడు, ఆ సంస్థ ఎదుట చదివిన మొట్టమొదటి పరిశోధన పత్రం ఈ విషయం మీద ఫ్లెమింగ్ రాసినదే. అప్పటికి ఆయన వయసు 24 సంవత్సరాలు.

కేంబ్రిడ్జి, మాక్స్‌వెల్ శిష్యరికం

రోసాల్ పాఠశాలలోను, తరువాత చెల్టెన్‌హామ్ కళాశాలలోను సైన్సు బోధించి, సుమారు 400 పౌండ్లు కూడబెట్టుకుని, 1877లో ఫ్లెమింగ్ కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరాడు. విద్యుదయస్కాంత సిద్ధాంతకర్త జేమ్స్ క్లెర్క్ మాక్స్‌వెల్ వద్ద చదవడమే ఆయన ఉద్దేశం. మాక్స్‌వెల్ ఉపన్యాసాలు కఠినంగా ఉండేవి; శ్రోతలు బహుకొద్దిమంది. ఒక్కొక్కసారి ఫ్లెమింగ్ ఒక్కడే శ్రోతగా ఉండేవాడు.

కావెండిష్ ప్రయోగశాలలో ఫ్లెమింగ్‌కు లభించిన పని బ్రిటిష్ ప్రమాణ నిరోధాలను ఒకదానితో ఒకటి సరిపోల్చడం. ఇందుకోసం ఆయన గుండ్రని ఆకారం గల ఒక నిరోధ తులను నిర్మించాడు. ఆకారాన్ని బట్టి దానికి ఫ్లెమింగ్ బాంజో అనే ముద్దుపేరు వచ్చింది. విద్యుత్తుకు సంబంధించిన ఏ వాదమైనా చివరకు కొలతతోనే తేలాలి అన్న దృక్పథం ఆయనకు ఇక్కడే స్థిరపడింది. 1879లో మాక్స్‌వెల్ మరణించాడు. 1881లో ఫ్లెమింగ్ నాటింగ్‌హామ్ యూనివర్సిటీ కాలేజీలో భౌతిక, గణిత శాస్త్రాల ఆచార్యుడుగా నియమితుడైనా, ఏడాది తిరగకుండానే ఆ పదవిని వదులుకున్నాడు.

ఎడిసన్ కంపెనీ, నల్లబడిన దీపాలు

1882లో ఫ్లెమింగ్ లండనులోని ఎడిసన్ విద్యుద్దీపాల కంపెనీకి సాంకేతిక సలహాదారుగా చేరాడు. నగరాలలో విద్యుద్దీపాలు అప్పుడప్పుడే వెలుగుతున్న కాలమది. దీపానికి ఇచ్చే వోల్టేజి కొద్దిగా పెరిగినా ఫిలమెంటు ఆయుర్దాయం తగ్గిపోతుంది. కొద్దిగా తగ్గినా వెలుగు బాగా మందగిస్తుంది. కాబట్టి వోల్టేజిని కచ్చితంగా కొలవడం వ్యాపారానికి కూడా ప్రాణప్రదమైన విషయమైంది. అప్పటి మీటర్లు ఒకదానితో ఒకటి పొసగేవి కావు. ఫ్లెమింగ్ పొటెన్షియోమీటరును 1.434 వోల్టుల క్లార్క్ ప్రమాణ ఘటంతో సరిచూసి, దానితో దీపాల వోల్టేజిని, విద్యుత్ ప్రవాహాన్ని కొలిచే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. విద్యుత్ కొలత పరికరాలను సరిచూడడానికి జాతీయ స్థాయిలో ఒక ప్రయోగశాల అవసరమని 1885లోనే ప్రతిపాదించాడు.

ఈ ఉద్యోగంలోనే ఆయన ఒక వింతను గమనించాడు. చాలాకాలం వెలిగిన దీపాల గాజు బుడ్డి లోపలివైపు నల్లబడేది. కొన్ని దీపాలలో ఆ నలుపు మధ్య ఒక సన్నని తెల్లటి గీత కనిపించేది. ఫిలమెంటులో ఒక కాలు నుంచి వెలువడిన కణాలను రెండవ కాలు అడ్డుకోవడం వల్ల, నీడ పడినట్లు ఆ గీత ఏర్పడుతోందని ఆయన గ్రహించాడు. అంటే వేడెక్కిన ఫిలమెంటు నుంచి ఏవో కణాలు సరళరేఖలలో ప్రయాణిస్తున్నాయి.

అదే కాలంలో అమెరికాలో థామస్ ఎడిసన్ దీపం లోపల ఒక లోహపు పలకను అదనంగా అమర్చి, ఆ పలకను ధన ధ్రువానికి కలిపినపుడు శూన్యం గుండా స్వల్ప విద్యుత్ ప్రవాహం సాగుతుందని, ఋణ ధ్రువానికి కలిపితే సాగదని గమనించాడు. దీనికి ఎడిసన్ ఫలితం అని పేరు వచ్చింది. ఎడిసన్ 1883లో దీనిపై పేటెంటుకు దరఖాస్తు చేసింది సరఫరా వోల్టేజి హెచ్చుతగ్గులను సూచించే సాధనంగా మాత్రమే. ఆ పేటెంటు 1884లో మంజూరైంది. అదే సంవత్సరం ఫ్లెమింగ్ అమెరికా వెళ్ళి ఎడిసన్‌ను కలుసుకున్నాడు. తిరిగి వచ్చిన తరువాత ప్రత్యేకంగా తయారుచేయించిన దీపాలతో ప్రయోగాలు చేసి, 1890లోను, 1896లోను పత్రాలు ప్రకటించాడు. ఆ కణాలేమిటో అప్పటికి తెలియదు. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రానును గుర్తించిన తరువాతనే అసలు విషయం బోధపడింది. దీపాలు మాత్రం కాలేజీ బీరువాలోకి చేరాయి.

ట్రాన్స్‌ఫార్మర్ల పరీక్షలు

1880ల చివరికి ఏకాంతర విద్యుత్తు విస్తరించసాగింది. ట్రాన్స్‌ఫార్మర్ సహాయంతో వోల్టేజిని పెంచి దూరప్రాంతాలకు పంపి, అక్కడ తిరిగి తగ్గించుకునే వీలు ఉండడమే ఇందుకు కారణం. ఫ్లెమింగ్ ఈ విషయం మీద రెండు సంపుటాల గ్రంథాన్ని 1889, 1892 సంవత్సరాలలో వెలువరించాడు. వివిధ తయారీదారుల ట్రాన్స్‌ఫార్మర్లను ఒకే పద్ధతిలో పరీక్షించి, ఆ ఫలితాలను 1892లో విద్యుత్ ఇంజనీర్ల సంస్థ ఎదుట ప్రకటించాడు.

ట్రాన్స్‌ఫార్మర్‌లో నష్టాలు రెండు రకాలు. ఇనుప దిమ్మెలో జరిగే నష్టం దీపాలు వెలిగినా వెలగకపోయినా రోజంతా దాదాపు ఒకేలా ఉంటుంది. రాగి తీగలో జరిగే నష్టం ప్రవాహం వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. పూర్తి భారం వద్ద చక్కటి దక్షత చూపే ట్రాన్స్‌ఫార్మర్ కూడా, పగలంతా భారం లేకుండా ఊరక ఉంటే, ఆ రోజు మొత్తం మీద ఎంతో శక్తిని వృథా చేయవచ్చు. అందువల్ల భారం లేనపుడు, సగం భారం ఉన్నపుడు, పూర్తి భారం ఉన్నపుడు విడివిడిగా కొలవడం తప్పనిసరి. నేడు ఏ సరఫరా సాధనాన్ని పరీక్షించినా అనుసరించే క్రమం ఇదే.

లండనులోని డెట్‌ఫర్డ్ కేంద్రం నుంచి వేసిన 10,000 వోల్టుల కేబుల్‌లో, పంపిన చోట కంటే చేరిన చోట వోల్టేజి ఎక్కువగా ఉండడం ఇంజనీర్లను ఆశ్చర్యపరచింది. కేబుల్ కెపాసిటీ, వలయంలోని ప్రేరకత్వం కలిసి పనిచేయడమే దీనికి కారణమని 1891లో ఫ్లెమింగ్ వివరించాడు. 1892లో ఆయన రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికయ్యాడు.

అధ్యాపకుడిగా

1885లో ఫ్లెమింగ్ తాను చదివిన యూనివర్సిటీ కాలేజీలోనే విద్యుత్ సాంకేతిక శాస్త్రానికి ఆచార్యుడయ్యాడు. తొలి రోజులలో ఆ శాఖకు నల్లబల్ల, సుద్దముక్క తప్ప చెప్పుకోదగిన సామగ్రి లేదు. సముద్రగర్భ టెలిగ్రాఫు వ్యాపారి జాన్ పెండర్ స్మారక నిధి నుంచి 1897లో 5,000 పౌండ్లు లభించిన తరువాతనే మంచి ప్రయోగశాల ఏర్పడింది. 1926లో పదవీ విరమణ చేసేవరకు నాలుగు దశాబ్దాలకు పైగా ఆయన అక్కడే బోధించాడు.

విద్యార్థులు దిశలను తికమక పడుతున్నారని గమనించి ఆయన చేతివేళ్ళ నిబంధనలను రూపొందించాడు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ఒకదానికొకటి లంబంగా ఉండేలా చాచినపుడు చూపుడువేలు అయస్కాంత క్షేత్ర దిశను, మధ్యవేలు విద్యుత్ ప్రవాహ దిశను, బొటనవేలు తీగ మీద పనిచేసే బలం దిశను సూచిస్తాయి. ఇది మోటారుకు వర్తిస్తుంది. జనరేటరుకు కుడిచేతిని వాడాలి. అక్కడ బొటనవేలు తీగ కదిలే దిశను, మధ్యవేలు ప్రేరిత విద్యుత్ ప్రవాహ దిశను చూపుతాయి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల విద్యార్థులు కూడా తరతరాలుగా ఈ వేళ్ళ లెక్కతోనే ఆయన పేరును గుర్తుపెట్టుకుంటున్నారు.

రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం జరిగే క్రిస్మస్ ఉపన్యాసాలను ఫ్లెమింగ్ 1894, 1901, 1917 సంవత్సరాలలో మూడు పర్యాయాలు ఇచ్చాడు.

పోల్ధు కేంద్రం, మార్కోనీతో సంబంధం

1899లో మార్కోనీ కంపెనీకి ఫ్లెమింగ్ శాస్త్రీయ సలహాదారు అయ్యాడు. అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా నిస్తంత్రీ సంకేతాలు పంపాలని మార్కోనీ సంకల్పించాడు. అప్పటివరకు వాడిన ప్రేరక తీగచుట్టలు, బ్యాటరీలు ఇందుకు చాలవు. ఇంగ్లాండు నైరుతి తీరంలోని పోల్ధు వద్ద ఈ కేంద్రానికి కావలసిన విద్యుత్ సరఫరా ఏర్పాటును రూపొందించే బాధ్యత ఫ్లెమింగ్ మీద పడింది.

ఆయన 32 అశ్వసామర్థ్యం గల చమురు ఇంజనుతో నడిచే 25 కిలోవాట్ల ఏకాంతర జనరేటరును ఎంచుకున్నాడు. దాని నుంచి వచ్చే 2,000 వోల్టులను ట్రాన్స్‌ఫార్మర్లతో 20,000 వోల్టులకు పెంచి కెపాసిటర్లను ఆవేశపరచేవారు. ఆ విద్యుత్తు రెండు అంచెల స్ఫులింగ వలయాల ద్వారా ఏరియల్‌కు చేరేది. ప్రయోగశాల బల్ల మీద ఇమిడే ఏర్పాటును విద్యుత్ కేంద్రమంత స్థాయికి పెంచడంలో ఆయన ట్రాన్స్‌ఫార్మర్ అనుభవం అక్కరకు వచ్చింది. 1901 సెప్టెంబరులో పెనుగాలికి పోల్ధు స్తంభాలు కూలిపోగా తాత్కాలిక ఏరియల్‌ను నిలబెట్టారు. 1901 డిసెంబరు 12న పోల్ధు నుంచి పంపిన ఎస్ అనే అక్షరపు సంకేతాన్ని కెనడా తూర్పున ఉన్న న్యూఫౌండ్‌లాండ్‌లో విన్నట్లు మార్కోనీ ప్రకటించాడు.

ఈ విజయంలో కీర్తి మార్కోనీకే దక్కాలన్నది కంపెనీ ముందే చేసుకున్న ఏర్పాటు. ప్రసార యంత్రాగారాన్ని రూపొందించిన ఫ్లెమింగ్ పేరు లోకానికి అంతగా తెలియలేదు. ఇది ఆయనను బాధించింది. 1903 జూన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన నిస్తంత్రీ ప్రదర్శన ఇస్తుండగా, నెవిల్ మాస్కెలిన్ అనే ఐంద్రజాలికుడు బయటినుంచి పరిహాసపు సంకేతాలు పంపి, మార్కోనీ పద్ధతిలో రహస్యం నిలవదని చూపాడు. దీనిపై పత్రికలలో వివాదం చెలరేగింది. ఆ సంవత్సరాంతంతో ఫ్లెమింగ్ సలహాదారు ఒప్పందం ముగిసిపోయింది. మళ్ళీ 1905లో గాని అది పునరుద్ధరింపబడలేదు. ఆయన ప్రధాన ఆవిష్కరణ ఈ రెండు సంఘటనల మధ్యకాలంలోనే జరిగింది.

ఉష్ణ కవాటం

ఆ కాలంలో నిస్తంత్రీ సంకేతాలను టెలిఫోను చెవిలో పెట్టుకుని వినేవారు. ఫ్లెమింగ్‌కు వినికిడి శక్తి క్రమంగా తగ్గుతూ వచ్చింది. చెవితో కాక కంటితో, అంటే గాల్వనామీటరు సూచిక కదలికతో, సంకేతాన్ని గుర్తించే మార్గం కోసం ఆయన వెదికాడు. కాని నిస్తంత్రీ తరంగం వల్ల ఏరియల్‌లో పుట్టే ప్రవాహం సెకనుకు లక్షల సార్లు దిశ మార్చుకుంటుంది. సూచిక ముందుకు కదిలేలోపే వెనుకకు లాగబడి, ఉన్నచోటనే నిలిచిపోతుంది. ప్రవాహంలో ఒక దిశను మాత్రమే పోనిచ్చి, రెండవ దిశను అడ్డుకునే సాధనం ఉంటే సూచిక కదులుతుంది. అల్యూమినియం పలకతో చేసిన రసాయనిక ఏకధిక్కరణులను ఆయన ప్రయత్నించాడు గాని అవి అంత వేగాన్ని అందుకోలేకపోయాయి.

1904 అక్టోబరులో ఆయనకు బీరువాలోని పాత దీపాలు గుర్తుకు వచ్చాయి. సహాయకుడు జి.బి. డైక్‌తో కలిసి ఒక దీపాన్ని వలయంలో అమర్చి చూడగా గాల్వనామీటరు సూచిక కదిలింది. వేడెక్కిన ఫిలమెంటు ఎలక్ట్రాన్లను వెలువరిస్తుంది. చుట్టూ ఉన్న లోహపు స్తూపం ధనావేశంతో ఉన్నపుడు వాటిని ఆకర్షిస్తుంది. ఋణావేశంతో ఉన్నపుడు వికర్షిస్తుంది. చల్లగా ఉన్న స్తూపం తాను ఎలక్ట్రాన్లను వెలువరించలేదు. అందువల్ల ప్రవాహం ఒకే దిశలో సాగుతుంది. గుండెలోని కవాటం రక్తాన్ని ఒకే వైపుకు పోనిచ్చినట్లు ఇది పనిచేస్తుంది కనుక దీనికి ఫ్లెమింగ్ కవాటం అని, అంటే వాల్వ్ అని పేరు పెట్టాడు. రేడియో వాల్వు అనే మాట మన ఇళ్ళలోకి వచ్చింది ఈ పేరు నుంచే.

1904 నవంబరు 16న ఆయన బ్రిటిష్ పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1905 ఫిబ్రవరిలో రాయల్ సొసైటీ ఎదుట పత్రం చదివాడు. 1905 నవంబరు 7న అమెరికా పేటెంటు లభించింది. హక్కులు మార్కోనీ కంపెనీకి సంక్రమించాయి. 1908లో కర్బన ఫిలమెంటుకు బదులు టంగ్‌స్టన్ ఫిలమెంటు వాడి దీనిని మెరుగుపరచాడు.

పేటెంటు వివాదం

1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఆడియన్ అనే నాళికను ప్రకటించాడు. కొద్ది కాలానికి ఫిలమెంటుకు, పలకకు మధ్య జాలీ వంటి మూడవ ఎలక్ట్రోడును చేర్చి, 1908లో దానికి పేటెంటు పొందాడు. బలహీనమైన సంకేతాన్ని పెంచగల ట్రయోడు ఇదే. ఇది తన కవాటానికి చిన్న మార్పు మాత్రమేనని ఫ్లెమింగ్, తనది స్వతంత్రమైన ఆవిష్కరణ అని డి ఫారెస్ట్ వాదించారు. వారి మధ్య వైరం జీవితాంతం నిలిచింది. 1916లో అమెరికా న్యాయస్థానం ఆడియన్ ఫ్లెమింగ్ పేటెంటును ఉల్లంఘించిందని తీర్పు ఇచ్చింది. ఫలితంగా డి ఫారెస్ట్ ఫ్లెమింగ్ హక్కు లేకుండా, మార్కోనీ కంపెనీ డి ఫారెస్ట్ హక్కు లేకుండా ట్రయోడును తయారుచేయలేని ప్రతిష్టంభన ఏర్పడింది.

ఈ కథకు ఊహించని ముగింపు చాలాకాలం తరువాత వచ్చింది. ఫ్లెమింగ్ తన మూల పేటెంటులో తక్కువ పౌనఃపున్యం గల ప్రవాహాలను కూడా ఏకముఖంగా మార్చే హక్కును కోరాడు. వాస్తవానికి ఆ విషయం అప్పటికే కొంత తెలిసినదే. జర్మనీలో ఆర్థర్ వెనెల్ట్ 1904 జనవరిలోనే వేడి కేథోడు గల నాళికను ఏకాంతర విద్యుత్తుకు ఏకధిక్కరణిగా ప్రతిపాదించాడు. 1915లో మార్కోనీ కంపెనీ తక్కువ పౌనఃపున్యానికి సంబంధించిన భాగాన్ని వదులుకుంటున్నట్లు ప్రకటించి, పేటెంటును నిస్తంత్రీ తరంగాలకే పరిమితం చేసుకుంది. ఈ సవరణ అనుచితమైన ఆలస్యంతో జరిగిందని, కాబట్టి పేటెంటు చెల్లదని 1943 జూన్ 21న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పేటెంటు గడువు అప్పటికి రెండు దశాబ్దాల క్రితమే ముగిసింది. ఫ్లెమింగ్ వయసు 93 సంవత్సరాలు.

సరఫరా సాధనాలలో డయోడు

కంపెనీ వదులుకున్న ఆ తక్కువ పౌనఃపున్యపు ఉపయోగమే చివరకు డయోడుకు దీర్ఘాయువునిచ్చింది. సంకేతాలను గుర్తించే పనిలో గలీనా వంటి స్ఫటికాలు, ట్రయోడులు దానిని పక్కకు నెట్టాయి. 1920ల వరకు రేడియోలు బ్యాటరీల మీద పనిచేసేవి. ఫిలమెంటును వేడిచేయడానికి ఒక బ్యాటరీ, ఆనోడుకు ఎక్కువ వోల్టేజి ఇవ్వడానికి మరొకటి కావలసి వచ్చేవి. వాటిని మాటిమాటికి ఛార్జి చేయించడం, మార్చడం ఖర్చుతో కూడిన పని. ఇంటి విద్యుత్తుతోనే రేడియో నడవాలంటే ఏకధిక్కరణి కావాలి. ఆ స్థానంలోకి వాల్వు డయోడు వచ్చింది. తరువాతి కాలపు వాల్వు రేడియోలలో సాధారణంగా రెండు ఆనోడులు గల ఒక వాల్వు ఈ పని కోసమే ఉండేది.

నేటి సాధారణ సరఫరా సాధనంలో నాలుగు భాగాలు ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను కావలసినంతకు తగ్గిస్తుంది. డయోడులు ప్రవాహాన్ని ఏకముఖం చేస్తాయి. కెపాసిటర్ అలలను చదును చేస్తుంది. నియంత్రకం వోల్టేజిని స్థిరంగా నిలుపుతుంది. 50 హెర్ట్జ్ విద్యుత్తును పూర్ణతరంగ ఏకధిక్కరణం చేస్తే సెకనుకు 100 అలలు వస్తాయి. 1,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ నుంచి 0.1 ఆంపియరు తీసుకుంటే అల ఎత్తు సుమారు 1 వోల్టు ఉంటుంది. కెపాసిటర్ విలువను రెట్టింపు చేస్తే అల సగమవుతుంది.

పరీక్షలో మొదట భారం లేకుండా, తరువాత పూర్తి భారంతో వోల్టేజి కొలుస్తారు. ఉదాహరణకు భారం లేనపుడు 12.6 వోల్టులు, పూర్తి భారం వద్ద 12 వోల్టులు ఉంటే, 0.6 వోల్టుల తేడాను 12తో భాగించగా వోల్టేజి క్రమత 5 శాతం అవుతుంది. ఈ శాతం ఎంత తక్కువైతే సాధనం అంత మంచిది. డయోడు అడ్డుకున్న దిశలో ఎంత వోల్టేజిని తట్టుకోగలదో కూడా చూడాలి. కెపాసిటర్‌తో కూడిన అర్ధతరంగ వలయంలో అది సరఫరా శిఖర వోల్టేజికి దాదాపు రెట్టింపు ఉంటుంది.

1950ల నుంచి సిలికాన్ డయోడులు వాల్వుల స్థానాన్ని ఆక్రమించాయి. వాటికి ఫిలమెంటు అక్కరలేదు. వాల్వులో వృథా అయ్యే వోల్టేజితో పోలిస్తే సిలికాన్‌లో నష్టం సుమారు 0.7 వోల్టు మాత్రమే. పదార్థం మారింది గాని, ఒక దిశలో పోనిచ్చి రెండవ దిశలో ఆపడం అనే పని మారలేదు. సెల్‌ఫోను ఛార్జరులోను ఆ పని జరుగుతూనే ఉంది.

వ్యక్తిగత జీవితం

ఫ్లెమింగ్ 1887లో క్లారా రిప్లీ ప్రాట్‌ను వివాహమాడాడు. ఆమె 1917లో మరణించింది. 1933లో, తన 83వ ఏట, గాయని ఆలివ్ మే ఫ్రాంక్స్‌ను పునర్వివాహం చేసుకున్నాడు. ఆయనకు సంతానం లేదు. ఆయన గాఢమైన క్రైస్తవ విశ్వాసి. పరిణామవాదాన్ని అంగీకరించక, దానిని వ్యతిరేకించే ఉద్యమాన్ని 1932లో ప్రారంభించినవారిలో ఒకడయ్యాడు. తన ఆస్తిలో ఎక్కువ భాగాన్ని క్రైస్తవ ధర్మసంస్థలకు, ముఖ్యంగా పేదలకు సహాయపడే సంస్థలకు విడిచిపెట్టాడు.

రచనలు

ది ఆల్టర్నేట్ కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ ఇన్ థియరీ అండ్ ప్రాక్టీస్ (1889, 1892)
ది ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఎలక్ట్రిక్ వేవ్ టెలిగ్రఫీ (1906)
ఫిఫ్టీ ఇయర్స్ ఆఫ్ ఎలక్ట్రిసిటీ (1921)
మెమరీస్ ఆఫ్ ఎ సైంటిఫిక్ లైఫ్ (1934) - ఆత్మకథ

గౌరవాలు, మరణం

రాయల్ సొసైటీ వారి హ్యూజెస్ పతకం 1910లోను, విద్యుత్ ఇంజనీర్ల సంస్థ వారి ఫారడే పతకం 1928లోను ఆయనకు లభించాయి. 1929లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదునిచ్చింది. 1933లో అమెరికాలోని రేడియో ఇంజనీర్ల సంస్థ గౌరవ పతకాన్ని ప్రదానం చేసింది. 1930 నుంచి మరణించేవరకు ఆయన బ్రిటన్‌లోని టెలివిజన్ సొసైటీకి అధ్యక్షుడుగా ఉన్నాడు.

1939లో ఫిజికల్ సొసైటీ ఎదుట ఆయన తన చివరి పత్రాన్ని చదివాడు. అదే సంస్థ ఎదుట విద్యుత్ ఘటం మీద తొలి పత్రం చదివి అప్పటికి 65 సంవత్సరాలు గడిచాయి. 1945 ఏప్రిల్ 18న డెవన్ ప్రాంతంలోని సిడ్మత్‌లో 95వ ఏట మరణించాడు. ఆయన వాడిన తొలి కవాటాలను లండన్ సైన్స్ మ్యూజియంలో భద్రపరచారు. కవాటానికి నూరేళ్ళు నిండిన సందర్భంగా 2004లో ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ దానిని విద్యుత్ ఇంజనీరింగు చరిత్రలో ఒక మైలురాయిగా గుర్తించింది.